ఊరి కరెంటు మీద మిగిలిన డబ్బు ఎవరిది? (శాన్ ఆంటోనియో 31 డాలర్ల సంగతి)

పులిహోర210

మా బావ బెజవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక పోటీ పెడతాడు. ఈసారి కరెంటు బిల్లు. "ఏమోయ్, మాకు నవంబరు నుంచి యూనిట్‌కి 13 పైసలు తగ్గించారు, ఎక్కువ వసూలు చేశారని తేలింది కాబట్టి వెనక్కిస్తున్నారు, మీ అమెరికాలో ఇలాంటిది ఎప్పుడైనా విన్నావా" అన్నాడు. విన్నాను బావా, 2022లో మా ఊళ్లోనే జరిగింది అన్నాను, వివరంగా చెప్పేలోపు అక్క ఫోన్ లాక్కుంది. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం. మా ఊరు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో, ఇక్కడ కరెంటూ గ్యాసూ రెండూ సీపీఎస్ ఎనర్జీ ఇస్తుంది. అది ప్రైవేటు కంపెనీ కాదు, ఊరిదే. 1942లో సిటీ దాన్ని దాదాపు 34 మిలియన్ డాలర్లకు కొనేసింది. దానికొచ్చే రాబడిలో 14 శాతం వరకూ సిటీ ఖజానాకి వెళ్తుంది. గమనించండి, లాభంలో కాదు, రాబడిలో. పోలీసులు, ఫైర్, రోడ్లు, లైబ్రరీలు, వీటన్నిటికీ పెట్టే జనరల్ ఫండ్‌లో సుమారు పావు వంతు ఇలా వచ్చేదే.

2022 ఎండాకాలం ఇక్కడున్నవాళ్లు మర్చిపోరు. ఏసీలు ఆగింది లేదు, గ్యాస్ ధర ఎక్కి కూర్చుంది, పైగా ఊరికి సరిపోగా మిగిలిన కరెంటుని టెక్సస్ గ్రిడ్ మార్కెట్లో మంచి రేటుకి అమ్మారు. అంతా కలిపి సిటీకి బడ్జెట్‌లో అనుకున్నదాని కంటే దాదాపు 75 మిలియన్లు ఎక్కువ వచ్చింది. చాలా వాదనలయ్యాక కౌన్సిల్ 50 మిలియన్లు జనానికి ఇచ్చేసింది. అందులో 42.5 మిలియన్లు బిల్లుల్లో క్రెడిట్‌గా, 7.5 మిలియన్లు బిల్లు కట్టలేని వాళ్లకి సాయం చేసే రీప్ అనే నిధికి. ఇళ్లకి సగటున 31 డాలర్లు పడింది, జులైలో ఎవరు ఎంత వాడారో దాన్ని బట్టి.

ఆ బిల్లు చూసి నాకు భలే సంతోషం వేసింది. ఇప్పుడు ఆలోచిస్తే మాత్రం ఏదో తేడా కొడుతోంది. మీరేమంటారు?

స్టోన్‌ఓక్_సుబ్బయ్య

తేడా ఏముంది బ్రో. నా దగ్గర ఎక్కువ తీసుకున్నారు, కొంత వెనక్కి ఇచ్చారు. షాపులో చిల్లర ఎక్కువ తీసుకుంటే తిరిగివ్వరా? నిజానికి 75కి 75 ఇవ్వాలి.

లెక్కల_మాస్టారు

ఒక్క చిన్న గుణకారం చేయండి. సీపీఎస్‌కి 9 లక్షల పైచిలుకు కరెంటు కనెక్షన్లు ఉన్నాయి. అందులో ఇళ్లు 8 లక్షలు అనుకుందాం. 8 లక్షల ఇళ్లకి తలో 31 డాలర్లంటే 24.8 మిలియన్లు. ఇచ్చింది 42.5. మరి మిగతా 17 మిలియన్ల పైమాటు ఎక్కడికెళ్లింది? షాపులకి, ఆఫీసులకి, పెద్ద పెద్ద బిల్డింగులకి. వాళ్లూ కస్టమర్లే, తప్పనను. కానీ "జనానికి 50 మిలియన్లు" అన్నప్పుడు మన కళ్ల ముందు కనపడేది ముసలావిడ వంటింట్లో బల్లమీద ఉన్న బిల్లు, డౌన్‌టౌన్‌లో రాత్రంతా లైట్లు వెలిగే టవరు కాదు.

సగటు 31 అన్నారు చూడండి, దాని సంగతీ అంతే. స్విమ్మింగ్ పూల్ మోటారు, రెండు ఏసీ యూనిట్లు, గ్యారేజీలో ఇంకో ఫ్రిజ్ ఉన్నవాడికి 31 కంటే చాలా ఎక్కువ, ఒక్క గది ఏసీతో జులై గడిపినవాడికి చాలా తక్కువ పడుంటుంది.

స్టోన్‌ఓక్_సుబ్బయ్య

మాస్టారూ, గ్యారేజీలో ఫ్రిజ్ మా ఇంట్లో ఉందని మీకెవరు చెప్పారు 😀 ఎక్కువ వాడినవాడు ఎక్కువ కట్టాడు కదండీ, ఎక్కువ వెనక్కి రావడం న్యాయమే. ఆ పక్కన ప్రాపర్టీ టాక్స్ చూస్తే ఇంటి విలువలో ఏటా 2 శాతం దాకా లాగేస్తున్నారు. అదీ మేమే, ఇదీ మేమేనా?

పాత_చీర

నేను మెడికల్ సెంటర్ దగ్గర పాత అపార్ట్‌మెంట్లో ఉంటాను, అప్పటికి చదువుకుంటున్నా. బాల్కనీ స్లైడింగ్ డోర్ కింద వేలు దూరేంత సందు ఉండేది. మేం ముగ్గురం అమ్మాయిలం కలిసి అమ్మ పంపిన నేత చీర ఒకటి చుట్టగా చుట్టి ఆ సందులో కూరేవాళ్లం, ఐనా మధ్యాహ్నం మూడింటికి థర్మోస్టాట్ 76 ఫారన్‌హీట్ పెడితే 84 చూపించేది, ఏసీ మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉండేది. అంటే సుబ్బయ్య గారూ, మేమూ "ఎక్కువ వాడినవాళ్లమే". సౌఖ్యంగా వాడలేదు, అంతే తేడా.

ఇంకో సంగతి, అప్పుడు మా క్లాస్‌మేట్ ఉన్న కాంప్లెక్స్‌లో విడివిడి మీటర్లు లేవు, కరెంటు అద్దెలోనే కలిపేవారు. వాళ్లకి ఆ 31 డాలర్లు కనిపించనే లేదు. ఖాతా ఓనరుది కదా. అడిగితే "మీ అద్దెలో అవన్నీ ముందే లెక్కేశాం" అన్నారట.

బెజవాడ_రిటైర్డ్_ఏఈ

పులిహోర గారి బావగారు చెప్పింది నిజమే, కానీ రెండూ ఒకటి కావు. నేను ఎలక్ట్రిసిటీ బోర్డు ఇంకా బోర్డుగా ఉన్న రోజుల్లో చేరి, 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కో కింద విడిపోవడం చూసి, ఇళ్లకి కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌లో రిటైరైనవాణ్ణి కాబట్టి కొంచెం చెప్పనివ్వండి.

ఇక్కడ డిస్కమ్ ఏడాదికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసుకుని రెగ్యులేటరీ కమిషన్ దగ్గరకి వెళ్తుంది. కమిషన్ టారిఫ్ ఖరారు చేస్తుంది. మధ్యలో కరెంటు కొనుగోలు ధర పెరిగితే నెలనెలా యూనిట్‌కి 40 పైసల దాకా సర్దుబాటు ఛార్జీ వేస్తారు. ఏడాది అయ్యాక అసలు లెక్క తేలుతుంది. తక్కువ వసూలైతే ట్రూ అప్, అంటే మళ్లీ మన నెత్తిన. ఎక్కువ వసూలైతే ట్రూ డౌన్. 2024-25కి కమిషన్ లెక్క చూసి 923 కోట్లు ఎక్కువ వసూలైందని తేల్చింది. 2025 నవంబరు నుంచి తగ్గిన ఆ 13 పైసలు దాంట్లోంచి వచ్చినవే. ఇన్నేళ్లూ ట్రూ అప్ అనే మాట వింటేనే జనానికి ఒళ్లు మండేది, ట్రూ డౌన్ అనే మాట ఒకటుందని మా ఇంటావిడకి కూడా మొన్ననే తెలిసింది.

కాబట్టి ఇక్కడ "మిగిలిన డబ్బు మునిసిపాలిటీ రోడ్లకి వాడదామా" అనే ప్రశ్నే రాదు. డిస్కమ్ రాష్ట్రానిది, ఊరిది కాదు. మీ ఊళ్లో కరెంటు కంపెనీకి ఓనరూ కస్టమరూ ఒకరే. అందుకే మీకు తలనొప్పి.

హైటెక్_బావర్చీ

మా హైదరాబాద్‌లో మిగులు అన్న మాటే లేదు. నెలకి 20 వేల లీటర్ల నీళ్లు ఉచితం, 200 యూనిట్ల లోపు కార్డున్న ఇళ్లకి జీరో బిల్లు. ఓట్ల కోసం పంచడమే తప్ప...

*(తర్వాతి ఆరు పోస్టులు తొలగించబడ్డాయి)*

మోడరేటర్

ఉచితాల మీద పార్టీల గొడవకి వేరే త్రెడ్ ఉంది, అక్కడికెళ్లి తిట్టుకోండి. ఇక్కడ మిగిలిన డబ్బు గురించి మాత్రమే.

ఆస్టిన్_గోంగూర

మా ఆస్టిన్‌లోనూ కరెంటు ఊరిదే. ఏటా 100 మిలియన్ డాలర్ల పైనే ఆస్టిన్ ఎనర్జీ నుంచి సిటీ జనరల్ ఫండ్‌కి వెళ్తుంది. దీన్ని చాలామంది "దొంగ పన్ను" అంటారు. నేనూ అనేవాణ్ణి. తర్వాత ఆఫీసులో ఒక కొలీగ్ చెప్పిన మాట విని ఆగాను.

యూనివర్సిటీ, చర్చి, ప్రభుత్వ భవనం, వీటికి ప్రాపర్టీ టాక్స్ ఉండదు. మీ శాన్ ఆంటోనియోలో ఐతే మిలిటరీ బేస్‌లే ఎంత పెద్దవి! వాళ్లు వాడే రోడ్డుకి, పిలిస్తే వచ్చే ఫైర్ ఇంజనుకి మనమే కడుతున్నాం. కానీ కరెంటు బిల్లు మాత్రం వాళ్లూ కట్టాలి. ఆ బిల్లులోంచి సిటీకి వచ్చే వాటా ఆగిపోతే ఆ భారమంతా ఇళ్ల మీద పడుతుంది. సుబ్బయ్య గారు ప్రాపర్టీ టాక్స్ గురించి బాధపడ్డారు కాబట్టి చెప్తున్నా, ఆ 14 శాతం తీసేయమంటే మొదట పెరిగేది అదే.

స్టోన్‌ఓక్_సుబ్బయ్య

14 తీసేయమని నేననలేదు. బడ్జెట్‌లో రాసుకున్నదాని కంటే ఎక్కువ వచ్చినప్పుడు మాత్రం అది నాది.

లెక్కల_మాస్టారు

ఇక్కడే అసలు ముడి ఉంది. ఆ ఎక్కువ డబ్బు ఒకే చోటినుంచి రాలేదు. నేనైతే దాన్ని రెండు సంచుల్లో వేస్తా.

మొదటి సంచి: మీ బిల్లు, నా బిల్లు పెరిగినందువల్ల వచ్చింది. గ్యాస్ ధర పెరిగితే ఫ్యూయల్ ఛార్జీ పెరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, రాబడిలో 14 శాతం కాబట్టి సిటీ వాటా దానంతట అదే పెరుగుతుంది. అంటే మనకి ఎప్పుడు నొప్పి ఎక్కువో అప్పుడే సిటీకి రాబడి ఎక్కువ. ఈ సంచి కట్టినవాళ్లకి కట్టిన మేరకు వెనక్కివ్వాలంటే నేను ఒప్పుకుంటా.

రెండో సంచి: మిగులు కరెంటు బయట అమ్మితే వచ్చింది. అది డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఎవరో వాడుకున్నారు, వాళ్లు కట్టారు. మీరు జులైలో ఎన్ని యూనిట్లు వాడారన్నదానికీ ఈ డబ్బుకీ ఏ సంబంధమూ లేదు. నిజం చెప్పాలంటే తక్కువ వాడినవాడి వల్లే అమ్మడానికి కరెంటు మిగిలింది! సౌత్ టెక్సస్ న్యూక్లియర్ ప్లాంటులో అప్పటికి 40 శాతం వాటా మన ఊరిది. మా వీధిలో 80 ఏళ్ల పెద్దాయన ఆ ప్లాంటు అప్పుని దశాబ్దాల పాటు బిల్లుల్లో కట్టాడు. ఇప్పుడాయన ఒంటరిగా ఉంటాడు, రెండు ఫ్యాన్లూ ఒక లైటూ తప్ప వేయడు. ఆయనకి ఈ సంచిలోంచి మీకంటే తక్కువ ఎందుకు రావాలి?

రెండు సంచుల్నీ కలిపేసి అన్నిటినీ జులై మీటరుతో కొలవడం, అదీ పులిహోర గారికి కొడుతున్న తేడా.

పులిహోర210

మాస్టారూ, సరిగ్గా పట్టుకున్నారు 🙏 నాకు మాట దొరకలేదు ఇన్నాళ్లూ.

కట్టెలపొయ్యి_2021

మీరంతా 2022 గురించి మాట్లాడుతున్నారు, నేను 2021 ఫిబ్రవరి దగ్గరే ఆగిపోయాను. ఊరీ అని పేరు పెట్టిన మంచు తుపాను. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి మూడు వారాలైంది అప్పటికి. కరెంటు అరగంట ఉంటే రెండు గంటలు లేదు. గ్రైండర్‌లో పిండి సగం రుబ్బాక పోయింది, ఆవిడ ఆ పిండిని చేత్తో కలుపుతూ "ఇది అమెరికానా లేక మా పెదపాడా" అన్నారు. చివరికి ప్యాటియోలో బార్బెక్యూ గ్రిల్ మీద, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, పొంగలి వండాం. మిరియాలు మాత్రం దండిగా వేశారు.

ఆ నాలుగు రోజులూ టెక్సస్ మార్కెట్లో కరెంటు ధర మెగావాట్ అవర్‌కి (అంటే వెయ్యి యూనిట్లకి) 9000 డాలర్ల గరిష్ఠ పరిమితి దగ్గరే ఉంది. సీపీఎస్‌కి ఇంధనం, కరెంటు కలిపి దాదాపు బిలియన్ డాలర్ల బిల్లు పడింది. కొందరు గ్యాస్ సప్లయర్ల మీద కేసులు వేశారు. కేసులతో పని లేకుండా కట్టాల్సిన 418 మిలియన్లని మాత్రం మన మీదే వేశారు, నెలకి సగటున 1.26 డాలర్లు, 25 ఏళ్లు. 2022 మార్చి నుంచి 3.85 శాతం రేటు పెంపుతో పాటు మొదలైంది.

మాస్టారి పద్ధతిలోనే నేనూ లెక్కేశా. 1.26 ఇంటూ 300 నెలలు, 378 డాలర్లు. మార్చిలో 378 బాకీ రాయించుకుని అదే ఏడాది 31 బహుమతి! అదే 50 మిలియన్లు ఆ తుపాను బాకీకి కట్టి ఉంటే ఎనిమిదో వంతు దాకా తీరేది, మూడేళ్ల వాయిదాలు తగ్గేవి. కానీ దానికి పత్రికలో ఫోటో పడదు కదా. మళ్లీ 2024 ఫిబ్రవరిలో 4.25 శాతం పెంచారు, అది వేరే బాధ.

చట్టనూగా_చింతకాయ

నేనుండే చట్టనూగా చిన్న ఊరు, టెన్నెసీలో. ఇక్కడ కరెంటు కంపెనీ ఈపీబీ కూడా ఊరిదే. వీళ్లు తలా 31 డాలర్లు పంచే దారిలో పోలేదు. అప్పు తెచ్చి, 111 మిలియన్ల ఫెడరల్ గ్రాంటు కలుపుకుని ఊరంతా ఫైబర్ వేశారు, 2010 కల్లా గిగాబిట్ ఇంటర్నెట్ ఇచ్చారు. ఆ ఫైబర్ మీదే కరెంటు లైన్లలో ఆటోమేటిక్ స్విచ్‌లు నడుస్తాయి. చెట్టు పడితే ఆ ముక్క మాత్రం విడగొట్టి మిగతా వీధికి కరెంటు తిరిగి ఇచ్చేస్తుంది. మా ఇంట్లో చాలాసార్లు మైక్రోవేవ్ గడియారం మిణుక్కుమంటేనే కరెంటు పోయొచ్చిందని తెలుస్తుంది. 2020లో స్కూళ్లు మూతపడ్డప్పుడు బీద పిల్లల ఇళ్లకి అదే ఫైబర్ మీద ఇంటర్నెట్ ఉచితంగా ఇచ్చారు.

ఇది మిగులు డబ్బుతో కట్టింది కాదు, అప్పు, గ్రాంటు. ఐనా చెప్పేది ఏంటంటే, ఊరి కంపెనీ డబ్బుని వైర్లలో, స్తంభాల్లో పెడితే అది తర్వాత మళ్లీ సంపాదించి పెడుతుంది.

ఆస్టిన్_గోంగూర

మీది నిజమే గానీ అందరికీ ఫైబర్ వేస్తామంటే కుదరదు. టెక్సస్‌లో ఊరి సంస్థలు అలాంటి వ్యాపారంలోకి దిగకుండా చట్టమే అడ్డం.

ఎర్రబస్సు_దాదర్

ముంబైలో మా బెస్ట్ పేరులోనే ఉంది, ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రాన్స్‌పోర్ట్. దశాబ్దాల పాటు కరెంటు మీద మిగిలింది ఎర్రబస్సుల నష్టానికి వెళ్లేది. నేను పరేల్ నుంచి దాదర్ దాకా నాలుగు రూపాయలకి వెళ్లానంటే దక్షిణ ముంబైలో ఎవరో ఏసీ వేసుకున్నందుకే. తర్వాత బిల్లులో బస్సుల నష్టం పేరుతో విడిగా ఛార్జీ కనపడేసరికి "మా కరెంటు బిల్లులో బస్సెందుకు" అని గొడవలు. కనపడనంత కాలం ఎవరికీ బాధ లేదు, లైన్ రాసి చూపించారు, అయిపోయింది. ఇప్పుడు బెస్ట్ సొంత బస్సులు ఎన్ని మిగిలాయో ముంబైవాళ్లకి తెలుసు.

పాలోఆల్టో_పక్కవీధి

కనపడటం గురించి వచ్చింది కాబట్టి. కాలిఫోర్నియాలో రూలు వేరు, యూటిలిటీ రేటులో ఖర్చు కంటే ఎక్కువ వసూలు చేసి సిటీకి పంపితే అది పన్ను కిందికి వస్తుంది, పన్నుకి జనం ఓటు కావాలి. పాలో ఆల్టోలో దీని మీద కోర్టు కేసు నడిచింది. చివరికి 2022 నవంబరులో మెజర్ ఎల్ అని బ్యాలెట్‌లో పెట్టారు, గ్యాస్ రాబడిలో 18 శాతం వరకూ సిటీకి మళ్లించొచ్చా అని. జనం సరే అన్నారు! మీ ఊళ్లోనూ అడిగి చూడండి, లైబ్రరీ, రోడ్డు అని స్పష్టంగా రాస్తే మనవాళ్లు అనుకున్నంత పిసినారులు కారు.

స్టోన్‌ఓక్_సుబ్బయ్య

అడిగితే నేనూ ఇస్తానేమో. అడక్కుండా తీసుకోవడమే నాకు కోపం. మాస్టారి రెండో సంచి మాట రాత్రి మా ఆవిడకి చెప్పాను, ఆవిడ వెంటనే మాస్టారి పక్షం. ఇంట్లో 1-1.

ఐనా నాకో డౌటు. ఆ రెండో సంచి సమానంగా పంచితే ఇంటికి ఎంతొస్తుంది, 20 డాలర్లా? దాంతో ఎవరి జీవితం మారుతుంది?

లెక్కల_మాస్టారు

మారదు. అందుకే ఆ సంచి పంచకూడదంటాను. ఒకరి చేతిలో 20 డాలర్లు రెండు బిర్యానీలకి సరిపోవు. అదే పాతచీర గారి గది తలుపు కింద సందు మూయడానికి పెడితే ఆ ఒక్క ఇంటి బిల్లు ప్రతి జులైలో తగ్గుతుంది. సీపీఎస్‌కి కాసా వెర్డే అనే కార్యక్రమం ఉంది కూడా, ఆదాయం తక్కువున్న ఇళ్లకి అటకలో ఇన్సులేషన్, తలుపుల కిటికీల సందులు మూయడం ఉచితంగా చేస్తారు. కొత్తది కనిపెట్టక్కర్లేదు.

బెజవాడ_రిటైర్డ్_ఏఈ

మాస్టారి మాటకి నాదొక చేర్పు. 2022 ఎండ వల్ల వచ్చిన డబ్బు 2023లో వస్తుందని నమ్మి జీతాలు పెంచకూడదు, కొత్త ఉద్యోగాలు వేయకూడదు. ఒక్కసారి వచ్చిన డబ్బు ఒక్కసారి చేసే పనికే. ట్రాన్స్‌ఫార్మర్ మార్చు, లైన్ మార్చు, ఇన్సులేషన్ వేయి. మేం సబ్‌స్టేషన్‌లో పాత బ్రేకర్ మార్చమని మూడేళ్లు రాస్తే నాలుగో ఏడాది అది కాలిపోయాక మార్చారు. అప్పుడు ఖర్చు నాలుగింతలైంది, రెండు రోజులు ఊరు చీకటి.

కట్టెలపొయ్యి_2021

ఏఈ గారూ, ఆ మాట మీద మా తుపాను బాకీకి కూడా ఓటేయండి. బాకీ తీర్చడం ఒక్కసారి చేసే పనే.

బెజవాడ_రిటైర్డ్_ఏఈ

వేశానమ్మా. కానీ ముందు ఆ అమ్మాయి తలుపు.

పులిహోర210

బావ ఈ త్రెడ్ మొత్తం చదివాడట. చదివి, నెలకి 200 యూనిట్లకి 13 పైసల చొప్పున 26 రూపాయలు వస్తాయని లెక్కేసి, మీ 31 డాలర్లు ఒక్కసారే కదా, మాది ఏడాదంతా అన్నాడు. ఓడిపోవడం ఆయన రక్తంలో లేదు.

@పాత_చీర, మీరింకా అదే ఇంట్లో ఉన్నారా? కాసా వెర్డేకి అప్లై చేసి చూడండి, ఫారం నింపడానికి నేను సాయం చేస్తా.

పాత_చీర

అదే కాంప్లెక్స్ అన్నయ్యా, ఇప్పుడు మా ఆయనతో కింది ఫ్లోర్‌లో. తలుపు అదే రకం, సందు కొంచెం చిన్నది. ఫారం నిన్న రాత్రే తెరిచాను. అద్దె ఇల్లైతే ఓనరు ఒప్పుకోవాలట. ఆఫీసువాళ్లకి మెసేజ్ పెట్టాను. చూశారని రెండు టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.